మీకు తెలుసా? జన్యువు నోరు మూయించే జంటపేట పోగు

దాచేపల్లి నుంచి నడికుడి వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి. ఒక చెక్కలో పత్తి, పక్క చెక్కలో మిరప. ఈ రెండు పైర్ల మధ్య పెరిగినవాళ్ళకి పురుగుల పేర్లు, తెగుళ్ళ పేర్లు ఓనమాలకంటే ముందే వస్తాయి. నేనూ అలాగే నేర్చుకున్నాను. అందుకేనేమో, ఈ ముప్ఫై ఏళ్ళలో జీవశాస్త్రాన్ని మార్చేసిన ఒక సంగతి గురించి ఎప్పుడు చదివినా నాకు మా చేలో చూసినవే గుర్తొస్తాయి: ముడుచుకున్న మిరపాకు, పత్తి గింజలోని నల్లచుక్క, పొగాకు మొక్క చిగురు. ఆ సంగతి పేరు ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫెరెన్స్. అంటే జన్యువును తీసేయకుండా, పాడుచేయకుండా, దాని మాట మాత్రం బయటికి రాకుండా చేయడం.

బొబ్బర సోకిన మిరపాకు ఊరికే ఉండదని మీకు తెలుసా?

తెల్లదోమ వాలి రసం పీల్చి వైరస్‌ను అంటిస్తుంది. కొన్నాళ్ళకు కొమ్మ చివరి ఆకులు చిన్నబోయి, పడవలా పైకి ముడుచుకుని, ఈనెలు ఉబ్బి, మొక్క గిడసబారిపోతుంది. మన రైతులు బొబ్బర అంటారు, జెమినీ వైరస్ అని కూడా అంటారు. పైనుంచి చూస్తే మొక్క చేతులెత్తేసినట్టే ఉంటుంది.

లోపల జరిగేది వేరు. వైరస్ కణంలో తన సరంజామా తయారు చేయించుకునేటప్పుడు రెండు పేటలు పెనవేసుకున్న ఆర్‌ఎన్‌ఏ పుడుతుంది. మొక్క తన ప్రొటీన్ల కోసం తీసే ఆర్‌ఎన్‌ఏ ఒంటిపేట. కాబట్టి పొడుగాటి జంటపేట కనబడిందంటే ఇంట్లో పరాయివాడు దూరినట్టే లెక్క. మొక్క దగ్గరున్న ఎంజైములు ఆ జంటపేటను 21 నుంచి 24 అక్షరాల తునకలుగా కోస్తాయి. ప్రతి తునకలోనూ ఒక పేటను మరో ప్రొటీన్ చేతబట్టుకుని, దానికి జతపడే వైరస్ ఆర్‌ఎన్‌ఏ ఎక్కడ దొరికితే అక్కడ తెగ్గొడుతుంది. ఈ కబురు ఒక్క కణంతో ఆగదు, ఈనెల గుండా పై ఆకులకు పాకుతుంది.

వైరస్ కూడా ఊరుకోదు. మిరపకు సోకే దోసకాయ మొజాయిక్ వైరస్ దగ్గర 2బి అనే ప్రొటీన్ ఉంది. మొక్క చేసే ఈ కోతను అడ్డుకోవడం దాని ముఖ్యమైన పని. 1998లో ఆ సంగతి బయటపడింది. జెమినీ వైరస్‌లకూ అలాంటి ప్రొటీన్లు ఉన్నాయి. కాబట్టి ముడుచుకున్న ఆకును చూసి మొక్క ఏమీ చేయలేదనుకోకూడదు. చేయాల్సింది చేసింది, వైరస్ దాన్ని దాటుకుని పోయింది.

దీని తొలి ఆనవాలు 1928లోనే పొగాకు మొక్క మీద కనిపించిందని మీకు తెలుసా?

అమెరికాలో వర్జీనియా వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో వింగార్డ్ అనే శాస్త్రవేత్త పొగాకు మొక్కలకు వలయాల మచ్చలు తెచ్చే వైరస్ అంటించాడు. కింది ఆకులనిండా ఉంగరాల్లాంటి మచ్చలు పడ్డాయి. ఆ తర్వాత పైన పుట్టుకొచ్చిన ఆకులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. మళ్ళీ అదే వైరస్‌ను ఆ ఆకులకు పట్టించినా మచ్చ పడలేదు. ఒంగోలు, టంగుటూరు, కొండపి వైపు పొగాకు రైతులకు కింది ఆకు, నడిమి ఆకు, పై ఆకు మూడూ వేరువేరు సరుకులు. వింగార్డ్ కూడా మొక్కను అలాగే వరసలవారీగా చూశాడు కాబట్టే ఆ తేడా కంటబడింది.

మొక్కకు రక్తం లేదు, తెల్లకణాలు లేవు. మరి ఒకసారి వచ్చిన జబ్బును గుర్తుపెట్టుకున్నట్టు ఎలా ప్రవర్తించింది? ఈ ప్రశ్నకు జవాబు రావడానికి దాదాపు డెబ్బై ఏళ్ళు పట్టింది.

ఊదా పూలు ఇంకా ముదురు రంగు తేలాలని చూస్తే తెల్లగా పూశాయని మీకు తెలుసా?

1990లో అమెరికాలో రిచర్డ్ జోర్గెన్సన్, కేరొలిన్ నపోలి, క్రిస్టీన్ లెమ్యూ పెటూనియా మొక్కల మీద పనిచేస్తున్నారు. పూలకు ఊదారంగు ఇచ్చే జన్యువు మొక్కలో ఉండనే ఉంది. అదే జన్యువును ఇంకొకటి చేర్చారు. అప్పు తెచ్చి పెట్టుబడి పెంచితే దిగుబడి పెరగాలి కదా. తీరా చూస్తే, ఆ అదనపు జన్యువు చేరిన మొక్కల్లో 42 శాతం తెల్లపూలో, తెల్లచారలు, తెల్లమచ్చలున్న పూలో పూశాయి. కొత్తగా పెట్టిన జన్యువుతోపాటు పాతదీ మూగబోయింది.

అదే ఏడాది నెదర్లాండ్స్‌లో మరో బృందానికి పెటూనియాలోనే ఇలాంటి ఫలితం వచ్చింది. 1992లో ఇటలీలో రొమానో, మచీనో నారింజరంగు బూజుకు రంగు జన్యువును అదనంగా ఎక్కిస్తే బూజు తెల్లబడింది. మూడు చోట్లా ప్రయోగం తప్పిందని పక్కన పడేయకుండా, తెల్లబడినదాన్నే పట్టుకుని కూర్చున్నారు. ఈ కథ మొత్తంలో నాకు ఎక్కువ నచ్చిన చోటు ఇదే.

నోబెల్ తెచ్చిపెట్టిన పురుగు ఒక మిల్లీమీటరు పొడవేనని మీకు తెలుసా?

ముందు జన్యువు మాట బయటికి ఎలా వస్తుందో చెప్పుకుందాం. రెవెన్యూ ఆఫీసులో అసలు రికార్డు ఉంటుంది. దాన్ని ఎవరూ ఇంటికి తెచ్చుకోరు, అడంగల్ నకలు తెచ్చుకుంటారు. బ్యాంకులో పని నడిచేది ఆ నకలు మీదే. కణంలో డీఎన్‌ఏ అసలు రికార్డు. ఒంటిపేట ఆర్‌ఎన్‌ఏ దాని నకలు. ఆ నకలు చూసి కణం ప్రొటీన్ తయారుచేస్తుంది. అసలు రికార్డు జోలికి పోకుండా, వచ్చిన నకలును వచ్చినట్టు చింపేస్తే? రికార్డు భద్రంగానే ఉంటుంది, పని మాత్రం ఆగిపోతుంది.

నకలుకు అద్దంలో బొమ్మలాంటి ఎదురుపేట తయారుచేసి కణంలోకి పంపితే, అది నకలుకు అతుక్కుని దాని పని ఆపుతుందని శాస్త్రవేత్తలు అప్పటికే ప్రయత్నిస్తున్నారు. కొన్నిసార్లు ఫలించేది, కొన్నిసార్లు లేదు. 1995లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో గువో, కెంఫ్యూస్ ఒక వింత గమనించారు. ఎదురుపేటే కాదు, మామూలు పేట పంపినా జన్యువు పని ఆగిపోతోంది. ఇది ఏ లెక్కకూ అందలేదు.

మట్టిలో బతికే సి. ఎలిగాన్స్ అనే నులిపురుగు మీద ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో ఆ ముడి విప్పారు. కండరాల పనికి కావలసిన ఒక జన్యువును ఎంచుకున్నారు. అది పనిచేయకపోతే పురుగు వణుకుతుంది. మామూలు పేట ఒక్కటే ఎక్కిస్తే దాదాపు ఏమీ కాలేదు, ఎదురుపేట ఒక్కటే ఎక్కించినా అంతంతమాత్రమే. రెండు పేటలూ కలిపి ఎక్కిస్తే పురుగు వణికింది, దాని పిల్లలూ వణికాయి. కణానికి కొద్దిపాటి అణువులు చేరినా చాలు. అంతకుముందు ప్రయోగాల్లో ఒంటిపేట అనుకున్నదాంట్లో కాస్త జంటపేట కలిసిపోయి ఉండేదని అప్పుడు అర్థమైంది. 1998 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో ఆ వ్యాసం వచ్చింది. ఎనిమిదేళ్ళకే, 2006లో, ఇద్దరికీ వైద్య నోబెల్ ఇచ్చారు. పెటూనియా తెల్లబడటం, పొగాకు కోలుకోవడం, పురుగు వణకడం ఒకే వేరు నుంచి మొలిచాయి.

ఇదంతా నడిపేది పొట్టి తునకలేనని మీకు తెలుసా?

1999లో ఇంగ్లండ్‌లోని నారిచ్‌లో ఆండ్రూ హామిల్టన్, డేవిడ్ బోల్కోంబ్ జన్యువు నోరు మూసుకున్న మొక్కల్లో పాతిక అక్షరాల పొట్టి ఆర్‌ఎన్‌ఏ తునకలను పట్టుకున్నారు. మొక్కల్లో అంత చిన్నవి అంతకుముందు ఎవరి కంటా పడలేదు. కొలిచే జెల్ అంచు దాటి కిందికి జారిపోయేవి, చెత్త అనుకుని వదిలేసేవారు.

21 అక్షరాలు చాలా తక్కువనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. ఒక్కో స్థానంలో నాలుగు అక్షరాల్లో ఏదైనా రావచ్చు. నాలుగును 21 సార్లు హెచ్చిస్తే దాదాపు 4.4 లక్షల కోట్ల కూర్పులు వస్తాయి. మనిషి డీఎన్‌ఏ మొత్తం అక్షరాలు సుమారు 300 కోట్లు. అంచేత ఆ చిన్న తునకే చిరునామా రాసిన కార్డులా కావలసిన ఇంటికే పోగలదు. అక్కడక్కడ ఒకటి రెండు అక్షరాలు కలవకపోయినా పొరుగింటి తలుపు తట్టే ప్రమాదం మాత్రం ఉంది. అందుకే ఈ పద్ధతి వాడేవాళ్ళు ముందు ఆ చిరునామా వేరే ఎక్కడైనా ఉందేమో వెతికి చూసుకుంటారు.

తునకలుగా కోసే ఎంజైముకు డైసర్ అని పేరు, కూరగాయలు ముక్కలు కోసేదాని పేరే. తునకను పట్టుకుని వేటాడే ప్రొటీన్ పేరు ఆర్గోనాట్. దాని జన్యువు చెడిన ఒక మొక్క ఆకులు సన్నగా చుట్టుకుపోయి, ఆర్గోనాట్ అనే చిన్న ఆక్టోపస్‌లా కనిపించిందట. ఆ పోలికతో 1998లో పెట్టిన పేరు అలాగే నిలిచిపోయింది.

ఒక పరిశోధకుడి జీవితకాలం పట్టే పని వారాల్లోకి వచ్చేసిందని మీకు తెలుసా?

అసలు మార్పు ఇక్కడుంది, కాబట్టి కాస్త నిలబడి చూద్దాం.

ఇంతకుముందు జన్యువు పని తెలుసుకోవాలంటే ఎలా చేసేవారు? వేల జీవులకు ఎక్స్‌రేలో, రసాయనాలో తగిలించి జన్యువులు చెడేలా చేసేవారు. వాటి సంతానంలో తేడాగా ఉన్నదాన్ని ఏరేవారు. రెక్క లేని ఈగ, వంకర పురుగు, తెల్ల మొక్క. ఆ తేడాకు కారణమైన జన్యువు ఎక్కడుందో సంకరాలు చేసుకుంటూ ఏళ్ళ తరబడి వెతికేవారు. ముందు రోగం చూసి, తర్వాత కారణం వెతకడం. జంటపేట పోగు చేతికి వచ్చాక దారి తిరగబడింది. జన్యువు పేరు చెప్పు, దాని నోరు మూస్తాను, ఏం ఆగిపోతుందో చూద్దాం అనడం మొదలైంది.

నులిపురుగుల విషయంలో ఇంకో అదృష్టం కలిసొచ్చింది. వాటికి సూదితో ఎక్కించనక్కరలేదు. జంటపేట తయారుచేసే బ్యాక్టీరియాను మేతగా పెడితే చాలునని 1998లోనే లీసా టిమన్స్, ఫైర్ చూపించారు. కేంబ్రిడ్జ్‌లో జూలీ ఆరింజర్ బృందం 16,757 రకాల బ్యాక్టీరియాను తయారుచేసింది, ఒక్కోటి ఒక్కో జన్యువు నోరు మూసేది. పురుగు జన్యువుల్లో దాదాపు 86 శాతాన్ని ఒక్కొక్కటిగా ఆపి, ఏది ఆపితే పురుగు చస్తుంది, ఏది ఆపితే గొడ్డుబోతుంది, ఏది ఆపితే నడక మారుతుంది అని వరసగా చూసి 2003లో ప్రచురించారు. ఒక జీవి జన్యువులను దాదాపు అన్నింటినీ ఇలా పేరుపేరునా అడిగి జవాబు రాయించుకోవడం అంతకుముందు ఊహకు కూడా అందని పని.

మన వంటింటి పిండిడబ్బాలో కనిపించే ఎర్ర పిండిపురుగు కూడా ఈ ప్రయోగాలకు పెట్టింది పేరు. తల్లిపురుగుకు జంటపేట ఎక్కిస్తే ఆ తల్లి పెట్టిన గుడ్లలోని పిల్లల్లో జన్యువు మూగబోతుందని 2002లో జర్మనీ పరిశోధకులు చూపించారు.

ఇక మనకు బాగా దగ్గరి ఉదాహరణ మిరప ఘాటు. ఏ జన్యువు వల్ల కాయకు కారం వస్తుందో కార్నెల్ పరిశోధకులు సంకరాల ద్వారా వెతికి ఒకదాన్ని అనుమానించారు. అదేనని రుజువు చేయడం ఎలా? మిరపలో కొత్త జన్యువు చొప్పించి మొక్కను పెంచడం చాలా కష్టం, టిష్యూ కల్చర్‌కు అది అంత తేలిగ్గా లొంగదు. కాబట్టి నీరసపరచిన ఒక వైరస్‌లో ఆ జన్యువు ముక్కను అతికించి మొక్కకు సోకించారు. వైరస్‌ను కోయడానికి లేచిన మొక్క, దాంతోపాటు తన సొంత జన్యువు నకళ్ళను కూడా కోసుకుంది. కాయలో కారం తగ్గింది. 2005లో ఆ ఫలితం వచ్చింది. ఇందులో నాకు మళ్ళీ మళ్ళీ ఆశ్చర్యం కలిగించేది, మనుషులు అక్కడ కొత్తగా కనిపెట్టిన పనిముట్టు ఏదీ లేకపోవడం. బొబ్బర మీద మిరపాకు ఎక్కుపెట్టే కత్తినే అరువు తెచ్చుకున్నారు.

హైదరాబాద్ శాస్త్రవేత్తలు ఈ పనిలో తొలిరోజుల నుంచే ఉన్నారని మీకు తెలుసా?

ఉత్పల్ భద్ర, మణిక పాల్ భద్ర దంపతులు అమెరికాలో జేమ్స్ బర్చ్‌లర్ దగ్గర ఉన్నప్పుడు, పెటూనియాలో కనిపించిన వింతలాంటిదే పండు ఈగలోనూ ఉందని 1997లో చూపించారు. అప్పటికి ఫైర్, మెల్లోల వ్యాసం రానేలేదు. తర్వాత హైదరాబాద్ పరిశోధనా సంస్థల్లో, ఆయన సీసీఎంబీలో, ఆమె ఐఐసీటీలో పనిచేశారు. 2004లో సైన్స్ పత్రికలో వచ్చిన వారి వ్యాసం ఇంకో మెట్టు ఎక్కింది. ఈ యంత్రాంగం నకలును చింపడంతో ఆగదు, ఈగలో కొన్నిచోట్ల అసలు రికార్డునే గట్టిగా మూటకట్టి తెరవకుండా ఉంచడానికి కూడా అది కావాలి అని తేల్చింది.

హిందూపురం పట్టుపురుగులకు ఈ పద్ధతిలో రోగనిరోధం తెచ్చారని మీకు తెలుసా?

పట్టు రైతులను నిద్రపోనివ్వని జబ్బు గ్రాసరీ. పురుగు ఒళ్ళు ఉబ్బి, తట్టల అంచుల వెంట తిరుగుతూ, చర్మం చిట్లి పాలలాంటి ద్రవం కారి చస్తుంది. ఆ ద్రవం తగిలిన ఆకు తిన్న పురుగుకూ అదే గతి. గూడు కట్టే ముందు తట్టలకు తట్టలు పోతాయి. కారణం ఒక బాక్యులోవైరస్, దానికి మందు లేదు.

హైదరాబాద్ సీడీఎఫ్‌డీ పరిశోధనా సంస్థలో జె. నాగరాజు బృందం, హిందూపురం దగ్గర కిరికెరలోని ఆంధ్రప్రదేశ్ పట్టు పరిశోధనాభివృద్ధి సంస్థ, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు కలిసి, ఆ వైరస్ పెరగడానికి తప్పనిసరైన జన్యువు మీద గురిపెట్టే జంటపేటను పట్టుపురుగు తన ఒంట్లోనే తయారుచేసుకునేలా చేశారు. 2007లో ఒక జన్యువుతో మొదలుపెట్టి, 2013లో ఒకేసారి పలు వైరస్ జన్యువులను ఆపే పురుగులను చూపించారు. ఒక్క జన్యువైతే వైరస్ కాస్త మారి తప్పించుకోవచ్చు, నాలుగు వైపులా కంచె వేస్తే కష్టం. ఆ గుణాన్ని పట్టు బాగా ఇచ్చే రకంలోకి సంకరాల ద్వారా తెచ్చారు. నాగరాజు 2012 డిసెంబరు 31న కన్నుమూశారు. ఆ రెండో వ్యాసం అచ్చులో చూసుకునే రోజు ఆయనకు దక్కలేదు.

వేరుశనగ మొక్క తన మీద పెరిగే బూజు నోరు మూయించగలదని మీకు తెలుసా?

కల్లంలో మిరపకాయ సరిగ్గా ఎండకముందు వాన పడినా, మంచు పట్టినా ఆస్పర్జిల్లస్ అనే బూజు చేరుతుంది. అది వదిలే విషం అఫ్లటాక్సిన్. యూరప్ మార్కెట్‌లో మిరపకు కిలోకు 10 మైక్రోగ్రాములకు మించకూడదు, అందులో బి1 రకం 5 మించకూడదు. దాటితే సరుకు వెనక్కే. వేరుశనగకూ ఇదే బెడద.

పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో కె. కె. శర్మ, పూజా భట్నాగర్ మాథుర్ బృందం, అమెరికా సహచరులతో కలిసి, వేరుశనగలో జంటపేట తయారయ్యేలా చేసింది. అది గురిపెట్టింది వేరుశనగ జన్యువును కాదు, బూజులో విషం తయారుచేసే జన్యువులను. గింజలోకి దిగిన బూజు మొక్క నుంచి ఆ తునకలను పీల్చుకుంటుంది, విషం చేయడం దాదాపు ఆగిపోతుంది. 2018లో ఆ వ్యాసం అచ్చయింది. మొక్క తయారుచేసిన కబురు ఇంకో రాజ్యానికి చెందిన జీవిలోకి వెళ్ళి అక్కడ పనిచేయడం చిన్న సంగతి కాదు.

పత్తి గింజలో నల్లచుక్కలు ఉంటాయని మీకు తెలుసా?

ఒక పత్తి గింజ తీసుకుని, పైన నూగు గీకేసి, పెంకు ఒలిచి, లోపలి పప్పును బ్లేడుతో అడ్డంగా కోసి చూడండి. లేత పసుపు పప్పులో మిరియప్పొడి చల్లినట్టు ముదురు చుక్కలు కనిపిస్తాయి. ఆకు మీద, కాయ మీద, కాడ మీద కూడా అవే చుక్కలు. వాటిలో ఉండేది గాసిపాల్. పురుగులకు విషం, కోళ్ళకు విషం, మనకూ పనికిరాదు. నెమరువేసే గొడ్లు కొంతవరకు తట్టుకుంటాయి కాబట్టే గేదెలకు పత్తిచెక్క పెడతాం. నూనెను రిఫైన్ చేసి ఆ విషాన్ని తీసేస్తారు.

కిలో దూదికి దాదాపు 1.65 కిలోల గింజ వస్తుంది. అందులో ఐదో వంతుకు పైగా ప్రొటీన్. 1950లలోనే ఈ చుక్కలు లేని పత్తిని అమెరికాలో తయారుచేశారు. చేలో వేస్తే పురుగులు పండగ చేసుకున్నాయి, ఎందుకంటే ఆకులోనూ విషం లేదు. ఆ రకం నిలవలేదు.

టెక్సస్ ఏ అండ్ ఎంలో కీర్తి రాథోడ్ ఈ చిక్కుకు ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫెరెన్స్‌తో దారి కనిపెట్టారు. గాసిపాల్ తయారీకి కావలసిన జన్యువును గింజలో మాత్రమే మూగబోయేలా చేశారు. ఆకు, కాయ, కాడ ఎప్పటిలాగే చేదు. 2006లో మొదటి వ్యాసం వచ్చింది. 2018లో సాగుకు, 2019లో మనుషుల తిండికి, పశువుల మేతకు అమెరికా అనుమతి దొరికింది. ఒక చోట మాట్లాడనిచ్చి ఇంకో చోట ఆపడం ఈ పద్ధతితో ఎంత తేలికో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మరి పత్తిలో గులాబీ పురుగు మీద ఈ జంటపేటను మందుగా ఎందుకు కొట్టడం లేదో మీకు తెలుసా?

మన చేలల్లో ఎవరికి ఈ సంగతి చెప్పినా అడిగే మొదటి ప్రశ్న ఇదే, అడగాల్సిందే. గులాబీ పురుగు పట్టిన గుడ్డి పూలు చూసి గుండె గుభేలుమన్నవాళ్ళు, 2021లో నల్ల తామరపురుగు మిరప పూత మొత్తం తినేస్తుంటే మందు మీద మందు కొట్టినవాళ్ళు అడక్క ఏం చేస్తారు?

బీటీ పత్తి వేరు, ఇది వేరు. బీటీ పత్తిలో పురుగును చంపే ప్రొటీన్ ఒకటి అదనంగా ఉంటుంది. ఇందులో ప్రొటీన్ ఏదీ రాదు, పురుగు సొంత జన్యువే మూగబోతుంది. 2007లో శాంఘై శాస్త్రవేత్తలు అచ్చం పత్తి కథనే ఎంచుకున్నారు. శనగపచ్చ పురుగు గాసిపాల్‌ను తట్టుకునేది ఒక ఎంజైము సాయంతో. ఆ జన్యువును ఆపే జంటపేట ఉన్న ఆకులు తిన్నాక గాసిపాల్ పెడితే పురుగు ఎదుగుదల దెబ్బతింది. అదే ఏడాది అమెరికాలో మొక్కజొన్న వేరుపురుగు మీదా ఇలాంటి ఫలితం వచ్చింది. వేరుపురుగుది 2017 నాటికి అనుమతి దాకా వెళ్ళింది. శనగపచ్చ పురుగుది అలా వెళ్ళలేదు.

ఎందుకంటే వేరుపురుగు పెంకుపురుగుల జాతి, వాటికి జంటపేట బాగా పడుతుంది. శనగపచ్చ, గులాబీ, లద్దెపురుగులు సీతాకోకచిలుకల జాతి పిల్లలు. కెంటకీ విశ్వవిద్యాలయ కీటకశాస్త్రవేత్త పల్లి సుబ్బారెడ్డి బృందం 2011లో బంగాళాదుంప పెంకుపురుగుకు జంటపేట తినిపించి చంపవచ్చని చూపించింది. అదే బృందం 2016లో లద్దెపురుగుల జాతిలో ఎందుకు ఫలించడం లేదో విప్పింది. వాటి ఒంట్లో జంటపేట త్వరగా కరిగిపోతుంది. మిగిలిన కాస్తా కణంలోని చిన్న సంచుల్లోనే చిక్కుకుపోయి బయటికి రాదు, కోసే ఎంజైము దాకా చేరదు. బంగాళాదుంప పెంకుపురుగు మీద పిచికారీ చేసే మొదటి జంటపేట మందుకు అమెరికా 2023 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. మన పురుగుల విషయంలో అడ్డం పడుతున్నది వాటి ఒంటి తీరే.

పిచికారీకి ఇంకో ఇబ్బంది, ఎండకూ వానకూ ఆర్‌ఎన్‌ఏ నిలవదు. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో నీనా మిట్టర్ బృందం జంటపేటను సన్నని బంకమట్టి రేకుల్లో అద్ది 2017లో ఆకుల మీద కొట్టింది. ఒక్కసారి కొడితే 20 రోజుల దాకా వైరస్‌ల నుంచి కాపు కాసింది. వాళ్ళు పరీక్షించిన వైరస్‌లలో ఒకటి మిరపకు సోకేది. తామరపురుగు విషయంలో 2016లో వేల్స్‌లోని స్వాన్సీ పరిశోధకులు ఇంకా తెలివైన దారి పట్టారు. మన నల్ల తామరపురుగుకు దూరపు చుట్టమైన ఒక తామరపురుగు పొట్టలో సహజంగా ఉండే బ్యాక్టీరియా చేతే జంటపేట తయారు చేయించారు, పిల్లపురుగులు చచ్చాయి. ఇది ప్రయోగశాలలో మాట. తైవాన్ పంపులో పోసుకునే దాకా రావాలంటే ధర దిగాలి, తేనెటీగకూ మిత్రపురుగుకూ హాని లేదని మన నేల మీదే తేలాలి. మిరప పూతలో తేనెటీగ వాలే చేలు మనవి, ఆ పరీక్ష ఇక్కడే జరగాలని గట్టిగా కోరుకుంటాను.

కోసిన ఆపిల్ నల్లబడకుండా కూడా ఇదే చేస్తుందని మీకు తెలుసా?

వంకాయ కోయగానే ఉప్పునీళ్ళలో వేస్తాం, లేకపోతే నల్లబడుతుంది. ఆపిల్‌లోనూ నల్లబరిచేది ఆ రకం ఎంజైమే. దాని జన్యువులను మూగబోయేలా చేసిన ఆర్కిటిక్ ఆపిల్‌కు అమెరికా 2015లో సాగు అనుమతి ఇచ్చింది.

ఇది మందులషాపు దాకా వచ్చేసిందని మీకు తెలుసా?

2001లో థామస్ టుష్ల్ బృందం 21 అక్షరాల తునకలను నేరుగా ఇస్తే మనిషి కణాల్లోనూ జన్యువు మూగబోతుందని చూపించింది. పొడుగాటి జంటపేట ఇస్తే మన కణం వైరస్ వచ్చిందనుకుని గగ్గోలు పెడుతుంది, పొట్టిదైతే పెట్టదు. 2018లో పాటిసిరాన్ అనే మొదటి మందు వచ్చింది. నరాలను దెబ్బతీసే ఒక వంశపారంపర్య జబ్బుకు అది. కొలెస్టరాల్ తగ్గించే ఇంక్లిసిరాన్ ఇంజెక్షన్ మొదటి రెండు మోతాదుల తర్వాత ఆరు నెలలకొకసారి చాలు. ఈ రెండూ కాలేయంలో పనిచేసేవే, కబురు చేర్చడం ఇప్పటికి అక్కడికే తేలిక. మన కణాలు తమ జన్యువుల గొంతు తగ్గించుకోవడానికి సొంతంగా ఇలాంటి పొట్టి ఆర్‌ఎన్‌ఏలు వాడతాయని తేల్చిన విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కన్‌లకు 2024 నోబెల్ దక్కింది. వాళ్ళకూ దారి చూపింది అదే నులిపురుగు.

చలికాలంలో నర్సరీ బండి మీద మీరు దీన్ని కొనే ఉంటారని మీకు తెలుసా?

డిసెంబరు వచ్చేసరికి కడియం నుంచి పూలమొక్కల బండ్లు ఊరూరా తిరుగుతాయి. వాటిలో పెటూనియా కుండీలు తప్పక ఉంటాయి. ఎర్రటి పూవు మధ్యలో నుంచి అంచుల దాకా ఐదు తెల్లటి పట్టెలు పరుచుకుని నక్షత్రంలా ఉండే రకం ఒకటుంది. దాన్ని ఏ ప్రయోగశాలా జన్యువు ఎక్కించి తయారుచేయలేదు, పూలసాగుదార్లు ఏరి పెంచుకున్నదే. జపాన్ పరిశోధకులు ఆ పూరేకులను ఎర్రభాగం, తెల్లభాగం విడివిడిగా కోసి చూశారు. జోర్గెన్సన్ మొక్కల్లో మూగబోయిన రంగు జన్యువే ఇక్కడా తెల్లపట్టెల్లో మూగబోయి ఉంది, దాని పొట్టి తునకలు ఆ పట్టెల్లో దొరికాయి. వచ్చే చలికాలం ఆ కుండీ దొరికితే ఒక పూవు కోసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. ఎరుపూ తెలుపూ కలిసే గీత దగ్గర వేలు పెట్టండి. గీతకు రెండు పక్కలా రంగు జన్యువు ఒక్కటే, ఒక పక్క మాత్రం దాని నకళ్ళు చినిగి ఉన్నాయి.